నెల తప్పిన తోడనే తెలియవలసిన సంగతులు



గర్భము ధరించిన తొలి వారములలో చేయింపవలసిన పరీక్షలెవ్వి, గర్భము తన చోటున గాక వేఱొక చోట నిలిచినచో దానిని కనిపెట్టుట ఎట్లు అనునది నేటి నా ప్రసంగ విషయము. తెలుగు పాఠములు చెప్పుకొని బ్రతికిన వృద్ధునకు ఈ స్త్రీవైద్య విషయముతో నేమి పనియని మీలో కొందఱు ముక్కుపై వ్రేలు వేసికొనవచ్చును. నేను వైద్యుడను కాను. చెప్పబోవునవి వైద్యులనడిగి తెలిసికొన్న సంగతులే. ఐనను ఈ విషయమును వైద్యులతో కంటె ఇంటి పెద్దలతోనే ఎక్కువగా మాటలాడవలసి యున్నది. ఏలయన, రోగి ఆసుపత్రి గుమ్మము త్రొక్కిన పిమ్మట జరుగునది వైద్యుల చేతిలోనిది. గుమ్మము త్రొక్కువరకు జరుగునదంతయు మన చేతిలోనిది.

మన యిండ్లలో ఒక ఆచారము కలదు. కోడలు గాని కూతురు గాని నెల తప్పినచో, మూడవ నెల నిండువరకు ఆ వార్తను వెలికి పొక్కనీయరు. దృష్టి తగులునని కొందఱందురు. నిలుచునో నిలువదో, ఊరంతయు చాటి పిమ్మట తల దించుకొననేల యని కొందఱందురు. ఈ ఆచారమును పుట్టించినవారిని నేను తెలివిలేనివారని యనను. తెలియవచ్చిన గర్భములలో నూటికి పది పదునైదు తమంతట తామే తొలి నెలలలో జారిపోవునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. ఆ దుఃఖమున నున్న పడుచుపిల్లను వీధిలోని ప్రతివారును పరామర్శింపకుండ కాపాడుటకు పెద్దలు వేసిన కంచె అది. వీధికి దాచుట మంచిదే. కాని రానురాను ఆ కంచె వీధికిని ఇంటికిని నడుమ నుండక ఇంటిలోనికే వచ్చినది. అత్తగారికి చెప్పిన సంగతి మామగారికి తెలియదు, తల్లికి చెప్పినది తండ్రికి తెలియదు, ఆశా కార్యకర్త వాకిట నిలిచి అడిగినను తెలియదు. ఈ మూడు నెలలలోనే, అందును ఐదవ వారము మొదలు పదవ వారము లోపల, గర్భిణి ప్రాణమును హఠాత్తుగా హరింపగల ఒక యాపద పొంచియుండును. దానినే వైద్యులు ఎక్టోపిక్ గర్భమందురు. నేను నాళగర్భమని చెప్పెదను.

దానిని నేను మొదట కన్నులార చూచితిని. పేరు తెలిసినది పదునైదేండ్లకు పైగా గడచిన పిమ్మట.

1979వ సంవత్సరము సంక్రాంతి. అప్పటికి నాకు ఇరువది యేండ్లు; భాషాప్రవీణ చదువుచు పండుగకు ఇంటికి వచ్చియుంటిని. మాది గోదావరి పాయల నడుమనున్న లంక గ్రామము. నా చెల్లెలికి అంతకు ముందటి వేసవిలో వివాహమైనది. అది ఆమె పుట్టింటికి వచ్చిన తొలి సంక్రాంతి. భోగి నాటి ఉదయము నుండియు కుడివైపు పొత్తికడుపులో నొప్పి యనుచునే యుండెను. పిండివంటలు తిని అజీర్తి చేసినదనిరి. వాము నమిలించిరి. పండుగ నాడు కొంచెము తగ్గినట్లుండి, సాయంకాలము మఱల ఎక్కువైనది. రాత్రి ఆమె నన్ను పిలిచి, "అన్నయ్యా, కుడి భుజము లాగుచున్నది, వెల్లకిల పండుకొనినచో ఎక్కువగుచున్నది" అనెను. కాలువనుండి బిందె యెత్తి తెచ్చితివి గదా, నరము బెణికి యుండుననుచు నేనే నూనె వెచ్చబెట్టి ఇచ్చితిని. ఆ మాటను తలచుకొన్నపుడెల్ల నేటికిని నా చేతికి ఆ నూనె జిడ్డు తగిలినట్లే యుండును.

కనుమ నాడు తెల్లవారుజామున పెరటిలోనికి పోయి అచ్చటనే కూలబడినది. మొగము సున్నమువలె తెల్లబడినది. ఒడలంతయు చల్లని చెమట. పైకి రక్తము కనబడలేదు; రెండు మూడు దినములనుండి నల్లని మఱకవలె కొంచెము కనబడుచున్నదని తల్లికి మాత్రము చెప్పినదట. అప్పటికిని మా తండ్రికి ఏమియు తెలియదు. ఎడ్లబండిపై పరుపు వేసి రేవునకు తీసికొనిపోవుచుండగా, మా తల్లి ఆయన ప్రక్కకు వచ్చి, నెల తప్పి పది దినములైనదని చెవిలో చెప్పెను. ఆయన బండి ఆపి, "భోగి నాడు ఏల చెప్పలేదు" అని ఒక్కమాట అడిగెను. మా తల్లి, "మూడవ నెల రాలేదు గదా" అనెను. పంటు ఆవలి ఒడ్డున నుండెను. మేము కేకలు వేసి దానిని పిలుచుకొని యెక్కు లోపలనే మా చెల్లెలు కన్ను మూసినది. పదునెనిమిది యేండ్లది. ఊరివారు గాలి సోకినదనిరి. పంచాంగము చూచినవారు తిథి మంచిది కాదనిరి. మా తల్లి దాని తరువాత ఇరువది రెండేండ్లు బ్రతికెను గాని సంక్రాంతి పిండివంటలు మఱల చేయలేదు.

పిమ్మట నేను పనిచేయు ఉన్నత పాఠశాలకు ఆరోగ్య విషయములు చెప్పుటకు ఒక వైద్యురాలు వచ్చినది. పిల్లలు వెళ్ళిన పిదప మాటవరుసకు ఈ సంగతి చెప్పితిని. ఆమె అంతయు విని ఒక్క ప్రశ్న వేసెను: "మాస్టరుగారూ, ఆమె భుజము నొప్పి యని ఏమైన అనినదా?" నేను నిర్విణ్ణుడనైతిని. భుజము సంగతి నేనామెకు చెప్పనేలేదు. తెలిసినవారికి అది అక్షరములవలె చదువుకొనదగిన గుర్తని ఆ దినమున నాకు బోధపడినది.

ఆ గుర్తు ఎట్టిదో, లోపల జరుగునదేమో విన్నవించెదను. గర్భాశయమునకు ఇరుప్రక్కల రెండు సన్నని నాళములు కలవు. ఒక్కొక్కటి సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, అనగా బెత్తెడు కంటె కొంచెము హెచ్చు. గర్భాశయమును కలియు కొనయొద్ద లోపలి త్రోవ సూదిబెజ్జమంత. నెలకొక మాఱు అండాశయమునుండి వెలువడు అండము ఈ నాళములోనికి వచ్చి, పురుష బీజముతో ఇచ్చటనే కలియును. గర్భాశయములో కలియుననుకొనుట పొరపాటు. అట్లు ఏర్పడిన పిండము నాలుగైదు దినములు ప్రయాణము చేయవలెను. దానికి కాళ్ళు లేవు. నాళము లోపలి పొరపై కంటికి కానరాని రోమములు, గాలికి వరిచేను వంగినట్లు, ఒకే దిక్కునకు ఊగుచు దానిని మెల్లగా నెట్టుకొనిపోవును. వారము దినములకు అది గర్భాశయము గోడనంటుకొనును. ఆశయమనగా నిలుచు చోటు. అందులకే మనవారు దానికి గర్భాశయమని పేరిడిరి. త్రోవలో ఏదేని అడ్డుండి, పిండము ఆశయమును చేరక నాళములోననే వేరూనినచో అదియే నాళగర్భము.

గర్భాశయము సాగునట్టిది. తొమ్మిది నెలల బిడ్డను మోయగలది. నాళమట్టిది కాదు. పిండము పెరిగినకొలది అది ఉబ్బి, రక్తము కారి, తుదకు సాధారణముగా ఆఱవ వారమునకును పదవ వారమునకును నడుమ పగులును. ఆ రక్తము వెలికి రాదు, పొట్టలోననే నిండును. పైకి చూచువారికి కొంచెము మఱక తప్ప ఏమియు కానరాదు. పొట్టలో నిండిన రక్తము రొమ్మును పొట్టను వేఱుపఱచు పొరను, అనగా బడిపుస్తకములలో ఉదరవితానమని చెప్పబడుదానిని, తాకినపుడు నొప్పి భుజము కొనయందు తోచును. ఆ పొరకును భుజమునకును పోవు నరములు మెడయొద్ద ఒకే చోటనుండి బయలుదేరుటయే దీనికి కారణము. పండుకొన్నపుడు రక్తము పైకి ప్రాకును గనుక నొప్పి హెచ్చును. నూనె మర్దనతో పోవు నొప్పి కాదది.

నూఱు గర్భములలో ఒకటియో రెండో ఇట్టివి యుండును. నూటికొకటి గదా యని తేలికగా తీసికొనకుడు. వేయి గర్భములున్న చోట పదిమందియో ఇరువదిమందియో ఈ యాపదలో నున్నారన్నమాట. వీనిలో నూటికి తొంబదికి మించి నాళములోనివే. అరుదుగా అండాశయమునందును, గర్భాశయ ముఖమునందును, పూర్వము సిజేరియను చేసిన మచ్చయందును నిలుచుట కలదు.

ఎవరికి వచ్చును? నాళములకు పూర్వము సూక్ష్మజీవులవలన వాపు కలిగినవారికి, గర్భావయవములకు క్షయ సోకినవారికి, నాళములపై శస్త్రచికిత్స జరిగినవారికి, పొగత్రాగువారికి, ఇదివరకొకసారి నాళగర్భము వచ్చినవారికి అవకాశము హెచ్చు. కాపర్-టి యుండగా గర్భము వచ్చినచో జాగ్రత్త పడవలెను. పెద్దలు వినవలసిన మాట ఇంకొకటి. మన ప్రాంతమున ఇద్దఱు బిడ్డలైన పిమ్మట ట్యూబెక్టమీ ఆపరేషను చేయించుకొన్న స్త్రీలు లెక్కకు మిక్కిలి. అట్టివారికి నెల తప్పి పొత్తికడుపు నొప్పి వచ్చినచో, "ఆపరేషనైనదానికి కడుపేమి, గ్యాసై యుండును" అని త్రోసివేయుదురు. ఆపరేషను పిమ్మట గర్భము వచ్చుట బహు అరుదు. కాని వచ్చినచో అది నాళములో నుండు అవకాశము తక్కినవారి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. కావున ఆపరేషను జరిగినదను ధైర్యము చాలదు. ఇట్లని, ఏ కారణమును లేనివారికి రాదనుకొనరాదు. నాళగర్భము వచ్చినవారిలో సగముమందికి పైన చెప్పిన కారణములలో నొకటియు కనబడదు. మా చెల్లెలు చుట్టను ముట్టినది కాదు, ఆపరేషను ఎఱుగదు.

పరీక్షల మాటకు వచ్చెదను. నెల తప్పి వారము దినములైన తోడనే మూత్రపరీక్ష చేయవచ్చును. ఆ పరీక్ష కిట్టు మందుల దుకాణములలో దొరకును. ఆశా కార్యకర్త యొద్దను ఉండును. రెండు గీతలు వచ్చినచో గర్భమున్నట్లు. ఇంతవరకు నేటి పడుచువారందఱు ఎఱుగుదురు. ఎఱుగనిది ఏమనగా, ఆ గీతలు గర్భమున్నదని చెప్పును గాని ఎక్కడ నున్నదో చెప్పవు. నాళములో నున్నను రెండు గీతలే వచ్చును. గీతలు చూచి మిఠాయి తెప్పించుటతో పని ముగియలేదు.

ఎక్కడ నున్నదో చెప్పునది స్కానింగు. మనుష్యుని చెవికి వినబడని ధ్వనితరంగములతో లోపలి ఆకారములను చూచు పద్ధతి ఇది. లోహపు పనిముట్లలో పగుళ్ళు కనిపెట్టు యంత్రముతో ఆరంభించి, గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డ్ అను స్త్రీవైద్యుడు తన సహచరులతో కూడి 1958లో దీనిని వైద్యలోకమునకు తెలిపెను. ఇందులో ఎక్స్‌రే కిరణములు లేవు. బిడ్డకు చెఱుపు కలుగునని భయపడనక్కఱలేదు. వైద్యులు వారములను లెక్కించునది చివరి బహిష్టు మొదటి దినమునుండి. కావున ఆ తేదీని గుర్తుంచుకొనుట ముఖ్యము. ఐదవ వారము గడచునప్పటికి గర్భాశయములో చిన్న సంచియు, ఆఱవ వారము ప్రాంతమున దానిలో గుండె చలనమును కనబడవలెను. ఇంత తొలి దశలో పొట్టపైనుండి చేయు స్కానింగు కంటె లోపలినుండి చేయునదియే స్పష్టముగా చూపును. ఆ మాట విని ఆడవారు సిగ్గుపడుటయు, ముసలివారు కోపపడుటయు నేనెఱుగుదును. చేయుదానిని వైద్యురాలు ముందు వివరించి చేయును. నొప్పి యంతగా నుండదు. ఇక, స్కానింగనగానే మగబిడ్డయో ఆడబిడ్డయో అడుగు దురాశ కొందఱికి కలదు. ఆఱవ వారమున ఆ సంగతి ఏ యంత్రమునకును కనబడదు. ఏ వారమునందైనను దానిని అడుగుటయు చెప్పుటయు 1994 నాటి చట్టము ప్రకారము నేరము.

మూత్రపరీక్షలో గర్భమున్నదని తేలి, స్కానింగులో సంచి కనబడలేదనుకొందము. అంతమాత్రమున నాళగర్భమని తీర్మానింపరాదు. లెక్క తప్పి, గర్భము ఇంకను లేతదై యుండవచ్చును, జారిపోవునదై యుండవచ్చును. అప్పుడు రక్తములో బీటా హెచ్.సి.జి. అను హార్మోను ఎంతయున్నదో కొలిచి, రెండు దినములు గడిచిన పిమ్మట మఱల కొలుతురు. గర్భము సవ్యముగా నున్నచో ఆ సంఖ్య రెండు దినములలో చాలవఱకు హెచ్చును, తఱచుగా రెట్టింపునకు దగ్గఱగా వచ్చును. నాళగర్భములో మందకొడిగా పెరుగుటయో, ఒకచోటనే నిలుచుటయో కలదు. ఐనను సంఖ్య ఒక్కటే సాక్ష్యము కాదు. దానిని స్కానింగుతో కలిపి చూచుట వైద్యుని పని. ఇక్కడ ఇంటివారు చేయు తప్పు ఒకటి. మొదటి పరీక్షకు పోవుదురు. రెండవదానికి, "నొప్పి లేదు గదా, బస్సు ఖర్చు దండుగ" యని పోరు. నొప్పి లేకపోవుట నాళగర్భము లేదనుటకు గుర్తు కాదు. రెండవ కొలతయే అసలైన కొలత.

ఏ గుర్తులున్నచో పరీక్షకై ఆగక పరుగెత్తవలెననునది ప్రత్యేకముగా చెప్పెదను. నెల తప్పిన స్త్రీకి, లేదా తప్పినదో లేదో తెలియని స్త్రీకైనను, పొత్తికడుపులో ఒక ప్రక్క విడువని నొప్పి. నల్లగనో ఎఱ్ఱగనో అకాలమున కనబడు రక్తము. భుజము కొన నొప్పి. విరేచనమునకు పోవునపుడు బాధ. కన్నులు తిరిగి పడిపోవుట. ఇవి అన్నియు ఒకేసారి రావలెననియు లేదు. నల్లని మఱకను చూచి బహిష్టే వచ్చినదని పొరబడువారును గలరు. ఇట్టివేళ ఊరిలో నొప్పికి సూదిమందు వేయించి పడుకొనబెట్టుట ఎంత మాత్రమును తగదు. నొప్పి అణగును గాని లోపలి రక్తస్రావము ఆగదు. ఏమియు తినిపింపక, త్రాగింపక, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 108 బండి 2005 ఆగస్టు 15నాడు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైనది. నేడు రెండు రాష్ట్రములలోను ఉన్నది. ఫోనులో, "గర్భిణి, కడుపునొప్పి, పడిపోయినది" అని మూడు మాటలు చెప్పిన చాలును.

ఇచ్చట పెద్దల అనుమతి అను ఒక చిక్కు కలదు. భర్త గల్ఫులోనో నగరములోనో ఉండును. మామగారు పొలమున నుండును. ఆయన వచ్చి తలయూపువరకు బండి కదలదు. నేను అనేక గృహములలో ఈ నిరీక్షణను చూచితిని. మీ యింట పెండ్లియైన ఆడపిల్ల యున్నచో, "నేను ఇంటలేనపుడు ఆమెకు ఆపద వచ్చినచో నన్ను అడుగనక్కఱలేదు, బయలుదేరుడు" అని ఈ దినముననే ఇంటివారందఱు వినునట్లు చెప్పియుంచుడు. రక్తము అవసరమగును గనుక, ఊరిలో ఏ గ్రూపు రక్తము గలవారెవరో యువకులచే వ్రాయించి పంచాయతీ కార్యాలయమున ఉంచుట మంచిది. రైతునకు ఎరువుల లెక్క యెట్లో ఇదియు నట్లే.

నెల తప్పిన తోడనే నమోదు చేయించుటవలన ఈ యొక్క ఆపదయే గాక తక్కినవియు బయటపడును. పండ్రెండవ వారము లోపల పేరు వ్రాయించవలెననుట ప్రభుత్వ నియమము. రక్తహీనత, రక్తపోటు, రక్తపు గ్రూపు, మూత్రములో చక్కెర, రక్తములో సవాయి మొదలగు అంటురోగములు ఇవన్నియు తొలి రాకలోనే చూతురు. గ్రూపు నెగటివైన గర్భిణికి, నాళగర్భము కలిగినను, గర్భము జారినను, యాంటీ-డి సూదిమందు అవసరమగునేమో వైద్యులనడుగవలెను. మఱచినచో రాబోవు బిడ్డకు కీడు. ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో జరుగు ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియానము 2016లో మొదలైనది. అది నాల్గవ నెల మొదలు ఆపై నెలలవారికై యేర్పడినది. తొలి వారముల పరీక్షకై ఆ తేదీ వచ్చువరకు వేచియుండరాదు.

చికిత్స మాట. మొదట ఒక దుర్వార్త: నాళములోని గర్భమును తీసి గర్భాశయములో పెట్టు విద్య లోకమున ఎవ్వరికిని రాదు. ఆ బిడ్డ దక్కదు. తల్లిని దక్కించుకొనుటయే చికిత్స. 1883లో బర్మింగ్‌హామ్ నగరమున లాసన్ టెయిట్ అను శస్త్రవైద్యుడు పగిలిన నాళమును తొలగించి ఒక స్త్రీ ప్రాణమును నిలిపెను. అంతకు ముందు ఇట్టివారిలో అధికసంఖ్యాకులు మరణించుచుండిరి. నేడు పొట్టపై చిన్న రంధ్రములు చేసి ఆ పని చేయుచున్నారు. పగులక మునుపే కనిపెట్టినచో, స్త్రీ నిలకడగా నుండి, హార్మోను సంఖ్య తక్కువగా నున్నపుడు కత్తితో పనిలేకయే మందుతో కరగింపవచ్చును. ఆ మందు కథలో మన తెలుగువాడొకడు కలడు. ఆ సంగతి నాకు తెలిసిన విధమును చెప్పెదను.

2019లో మా చిన్న కోడలు నెల తప్పిన పదవ నాటికి ఎడమవైపు నొప్పి యని నా భార్యతో చెప్పెను. మా యింట చెల్లెలి కథ అందఱెఱిగినదే గనుక, ఆ పూటనే నాకును తెలిసినది. వెంటనే పట్టణమునకు పోతిమి. స్కానింగులో గర్భాశయము ఖాళీ. ఎడమ నాళమునొద్ద చిన్న ఉబ్బు. రెండు దినములకు మఱల రక్తము తీసిరి. సంఖ్య పెరుగవలసినంత పెరుగలేదు. వైద్యురాలు మెథోట్రెక్సేట్ అను సూదిమందు వ్రాసి, "మాస్టరుగారూ, ఇది మీ గోదావరి వాని మందే" అనెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనాధిపతియై యుండగా, ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులును ఆ కృషినుండియే వెలువడినవి. క్యాన్సరునకై పుట్టిన ఈ మందును నాళగర్భమునకు వాడుట 1980 తరువాతి సంగతి. సుబ్బారావుగారు 1948లోనే గతించిరి.

చిత్రమేమనగా, గర్భిణికి తొలి పండ్రెండు వారములు దినమునకు 400 మైక్రోగ్రాముల చొప్పున ఇచ్చు ఫోలిక్ ఆమ్లము మాత్రయు, ఈ సూదిమందును ఒకే కొమ్మకు పుట్టినవి. ఒకటి పిండము మెదడు, వెన్నెముక సరిగా ఏర్పడుటకు తోడ్పడును. రెండవది వేగముగా పెరుగు కణములను ఆపును. కావుననే సూది వేసిన దినముననే ఫోలిక్ మాత్రలు మాన్పించిరి. సూది వేయించుకొని ఇంటికి వచ్చుటతో చికిత్స ముగియదు. నాల్గవ నాడును ఏడవ నాడును, పిమ్మట వారమువారమును, సంఖ్య శూన్యమునకు దిగువరకు రక్తపరీక్ష జరుగవలెను. ఆ నడుమ నాళము పగులవచ్చును గనుక ఆమెను ఒంటరిగా ఉంచలేదు. మాకు అది ముగియుటకు ఐదు వారములు పట్టినది. మూడు నెలల వరకు మఱల గర్భము రాకుండ జాగ్రత్త పడుడని చెప్పిరి.

ఒకసారి ఇట్లైనవారికి పిల్లలు కలుగరని ఊరిలో ఒక మాట యున్నది. అది నిజము కాదు. ఒక నాళము తీసివేసినను రెండవదానిచే గర్భము వచ్చును, పెక్కుమందికి వచ్చుచున్నది. ఈ పేరు చెప్పి కోడలిని తక్కువచేయుటయు, మఱియొక సంబంధము వెదకుటయు మనుష్యులు చేయు పనులు కావు. కాని పదిమందిలో ఒకరికి మఱల నాళగర్భము వచ్చుట కలదు. కావున రెండవమాఱు నెల తప్పినపుడు మొదటికంటె ముందుగా చెప్పవలెను, ఆఱవ వారమున తప్పక స్కానింగు చేయించవలెను.

2021లో మా కోడలు మఱల నెల తప్పినది. ఈమాఱు అత్తగారి ద్వారా కాక, నేను అరుగుమీద పత్రిక చదువుచుండగా తానే వచ్చి, "మామయ్యగారూ, ఎనిమిది దినములైనది, ఎప్పుడు బయలుదేరుదము" అని అడిగెను. ఆఱవ వారమున సంచి గర్భాశయములోననే కనబడినది. వీధివారికి మాత్రము మూడవ నెల నిండిన పిమ్మటనే చెప్పితిమి.